పదకొండు అంగుళాల లారీ

బనగానపల్లెలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లలో రంగుల అంగడి రాజ్యలక్ష్మమ్మను ఎరగనివాళ్లు తక్కువ. అంగడి బోర్డు మీద ఉండేది భర్త నాగసుబ్బయ్య పేరే గానీ, రంగు కలిపే చెయ్యి ఆమెది. ఎవరో పాత తలుపు మీంచి గోరంత పెచ్చు గీకి తెచ్చి, అచ్చం ఇదే రంగు కావాలంటారు. ఆమె ఆ పెచ్చును వాకిట్లోకి తీసుకుపోయి ఎండకు ఒకసారి, నీడకు ఒకసారి పట్టి చూసి, లోపలికి వచ్చి రెండు మూడు డబ్బాల మూతలు తీస్తుంది. రంగులు కలిపే మిషన్ కొన్నాక కూడా ఆ పని మిషన్‌కు వదల్లేదు. దానికి కొత్త రంగు తెలుసు, ఇరవై ఎండాకాలాలు చూసిన రంగు దానికేం తెలుసని ఆమె వాదన.

అరవయ్యో ఏట ఆమె అంగట్లోనే పడింది. పై అరలోని డబ్బా అందుకోబోతే నిచ్చెన జారింది. కుడికాలు చీలమండ పైన ఎముక విరిగింది. ఫోను చేస్తే అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. ఆటోలో కాలు చాపే జాగా లేదు. నాగసుబ్బయ్య ఏం చేయాలో తోచక నీళ్ల చెంబు పట్టుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడే అంగట్లో అమ్మకానికి తెచ్చిన సిమెంటు దింపించి తాళ్లు చుట్టుకుంటున్న లారీ డ్రైవరు రంగన్న లోపలికి వచ్చాడు.

రంగన్నది కోడుమూరు పక్కన ఒక పల్లె. బండి సొంతానిది. యర్రగుంట్ల వైపు నుంచి సిమెంటు తేవడం, తిరుగు దారిలో ఇక్కడి నాపరాళ్లు ఎత్తుకొని అనంతపురానికో బళ్లారికో పోవడం, ఇరవై ఆరేళ్లుగా ఇదే అతని బతుకు. ఆమె కాలు చూసి దగ్గరికి వంగాడు.

“అక్కా, నా బండిలో సీటు ఎనకాల పండుకునే బల్ల ఉండాది. కాలు కదలకుండా నంద్యాలకు తీసకపోతా. భయపడొద్దు,” అన్నాడు.

నలుగురు హమాలీలు ఆమెను చాపతో సహా ఎత్తి క్యాబిన్‌లో పడుకోబెట్టారు. దారి పొడుగునా రంగన్న గుంత గుంతకూ బండిని నిలిపినంత పని చేసి, మళ్లీ మెల్లగా కదిలించాడు. ఏడవడం ఇష్టం లేని రాజ్యలక్ష్మమ్మ పళ్లు బిగబట్టి క్యాబిన్ లోపలంతా చూస్తూ పోయింది. పైకప్పుకు ఎర్ర రెక్సిన్ కొట్టి ఉంది. గేరు రాడ్డు బుడిపె అరిగి తెల్లబడింది. తలుపు లోపలి పచ్చరంగు ఎండకు వెలిసి లేత జామాకు రంగయింది. ఎప్పుడో స్టిక్కరు ఊడిన చోట మాత్రం అసలు పచ్చదనం ముదురుగా నిలిచి ఉంది. ఆ వెలిసిన పచ్చ ఏ రెండు డబ్బాలు కలిపితే వస్తుందో మనసులో కలుపుకుంటూ ఆమె నొప్పిని నంద్యాల దాకా మోసింది.

ఎముకకు ప్లేటు వేశారు. రెండు నెలలు కాలు కింద పెట్టకూడదన్నారు. నలభై ఏళ్లు అంగట్లో నిలబడ్డ మనిషి మంచం మీద కూర్చుంటే ఇల్లంతా ఆమెకు తప్పులే కనపడ్డాయి. కిటికీ చువ్వకు రంగు సరిగా పట్టలేదనేది, గోడ మూలన బ్రష్షు వెంట్రుక అంటుకుందనేది. ఆ బాధ పడలేక నాగసుబ్బయ్య, ఆమె అన్న కొడుకు నాగచైతన్యకు ఫోను చేసి ఏదైనా ఉపాయం చెప్పమన్నాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే ఆ పిల్లవాడు చూడటానికి వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. పెట్టె మీద ముక్కు పొడుగు విదేశీ లారీ బొమ్మ ఉంది. లోపల మూడు వందలకు పైగా ప్లాస్టిక్ ముక్కలు, చింతకాయలు కొమ్మకు వేలాడినట్టు, సన్నటి చట్రాలకు అంటుకొని ఉన్నాయి.

“నేను చేద్దామని కొన్నా అత్తా. ఇంజను కాడికి వచ్చేసరికి ఓపిక అయిపాయ. నువ్వు చూడు,” అన్నాడు.

ఆమెకు ఇంగ్లీషు రాదు. పుస్తకంలో బొమ్మలున్నాయి, ముక్క ముక్కకూ అంకె ఉంది, అది చాలింది. నెయిల్ కట్టరుతో ముక్కను చట్రం నుంచి తుంచడం, మిగిలిన మొటిమను సన్న ఉప్పుకాగితంతో రుద్దడం, ముల్లు తీసే చిమటాతో పట్టి అతికించడం. మొదటి వారంలో బంక ఎక్కువై ముందు అద్దం మీద ఆమె బొటనవేలి ముద్ర అలాగే కరిగి నిలిచిపోయింది. ఆ బంక అతికించేది కాదు, రెండు ముక్కలనూ కొంచెం కరిగించి ఒకటి చేసేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత అతుకు మొదట్లో బ్రష్షు కొన తాకించి వదిలితే చాలు, బంక దానంతటది సందు పొడుగునా పాకిపోవడం చూసి చిన్నపిల్లలా సంతోషపడింది.

అసలు దెబ్బ రంగుల దగ్గర తగిలింది. రంగుల సంగతి నాకొకరు చెప్పాలా అని అంగట్లోంచి డబ్బా తెప్పించుకుంది. బండ్లకు వేసే రంగులో కలిపే ఘాటు థిన్నరునే ఇందులోనూ కలిపి క్యాబిన్ పైకప్పుకు ఒక పూత వేసింది. చూస్తుండగానే పైకప్పు మీగడ కట్టిన పాలలా ముడతలు పడింది. ఊళ్లో సగం తలుపులకు రంగు చెప్పిన మనిషి, అరచేతంత పైకప్పును చెడగొట్టుకుంది. మరుసటి రోజు మళ్లీ మొదలుపెట్టింది. ముక్కలు తుంచేసిన చట్రాల కొమ్మలను వరసగా పేర్చి, ఒక్కోదానికి ఒక్కో రకం పలుచన చేసిన రంగు పూసి ఆరబెట్టింది. ఏది ప్లాస్టిక్‌ను తింటుందో, ఏది తినదో, ఎంత పలుచనైతే బోల్టు తలకాయ రంగులో మునిగిపోకుండా ఉంటుందో తేల్చుకుంది. ముడతల పైకప్పుకు లప్పం పట్టించి, రుద్ది, మళ్లీ లప్పం పట్టించి నున్నగా తెచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి విదేశీ లారీ తయారై అంగట్లో గల్లాపెట్టె పక్కన నిలబడింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం అది ఎవరి బండో అన్నట్టే ఉండేది. ఆ దేశమూ తెలీదు, ఆ రోడ్డూ తెలీదు.

కర్ర పట్టుకొని అంగట్లోకి రావడం మొదలుపెట్టిన రోజుల్లో సిమెంటు వేరే బండిలో వచ్చింది. రంగన్న ఏడని అడిగితే, అతను బండి దిగేశాడని కొత్త డ్రైవరు చెప్పాడు. పది రోజుల తర్వాత రంగన్నే వచ్చాడు, భార్య జీవమ్మ భుజం మీద చెయ్యి వేసుకొని. షుగరు కళ్లకు పట్టింది. ఎదురుగా ఉన్న మనిషి మొహం మసక, పక్కనున్న గోడ మాత్రం కొంచెం తెలుస్తుంది. రోడ్డు మీద గీత రెండుగా కనపడిన రోజునే బండిని పక్కకు ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నానని చెప్పాడు. బండిని ఊరి బయట రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో నిలబెట్టాడు. ఆదోని మనిషికి అమ్మకం కుదిరింది, రెండు వారాల్లో వచ్చి తోలుకుపోతాడు.

మాటల మధ్యలో రాజ్యలక్ష్మమ్మ తను చేసిన లారీని అతని చేతిలో పెట్టింది. రంగన్న వేళ్లతో ముక్కు నుంచి తోక దాకా తడిమాడు.

“మంచి పని అక్కా. యా దేశం బండో గానీ, ముక్కు పొడుగు. మన దారుల్లో మలుపు తిరగదు ఇది,” అన్నాడు. బండి తిరిగి ఇస్తూ ఆగి, “ఇరవై ఆరేండ్లు చేతులు స్టీరింగు మీదనే ఉండ్య. ఇప్పుడు చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీకుండా ఉండాది,” అన్నాడు.

మరునాడు పొద్దున టైలరు టేపు, నోటుబుక్కు, టార్చిలైటు సంచిలో వేసుకొని ఆటోలో పాలిష్ ఫ్యాక్టరీకి పోయింది.

ఆ పది రోజులు నాగసుబ్బయ్యకు పెద్ద పరీక్ష. అరవై ఏళ్ల శెట్టెమ్మ, కాలికి ఇంకా పట్టీతో, లారీ కింద చాప పరుచుకొని వెల్లకిలా పడుకోవడం ఊళ్లో కబురైంది. ఫ్యాక్టరీలో పనివాళ్లు మొదటి రోజు నవ్వారు. రెండో రోజు ఒకడు టార్చి పట్టుకున్నాడు. మూడో రోజు నుంచి ఆమె అడగకముందే టేపు అవతలి కొస పట్టుకునేవాళ్లు. బండి మొత్తం ఇరవై రెండడుగులు. అసలు బండిలో రెండడుగులు తను చేయబోయే బండిలో ఒక అంగుళమని లెక్క పెట్టుకుంది. అంటే పదకొండు అంగుళాలు. బంపరు ఎత్తు, తలుపు వెడల్పు, సరుకు వేసే తొట్టి పలకల మందం, డీజిల్ ట్యాంకు చుట్టుకొలత, పైపు ఎక్కడ వంపు తిరిగిందో, ఏ బోల్టు కొత్తదో, అన్నీ రాసుకుంది. ఫోటోలు ఫోనులో తీసుకుంది. తలుపు మీద వెలిసిన పచ్చరంగు పెచ్చు ఒకటి గీకి కాగితంలో పొట్లం కట్టుకుంది.

పదకొండో రోజు ఆదోని మనిషి వచ్చి బండి తోలుకుపోయాడు. ఆ రోజు సాయంత్రమే రాజ్యలక్ష్మమ్మ మొదటి పలక కోసింది.

ఇట్లాంటి లారీ పెట్టెలో దొరకదు. అంతా చేతితో చేసుకోవాలి. నాగచైతన్య తెల్లటి ప్లాస్టిక్ రేకులు ముందే పంపించాడు. చక్రాలు, ఇరుసులు ఇంకో పెట్టె కొని అందులోంచి తీసుకుంది. మిగిలినదంతా ఆమె కత్తితో గీసి, విరిచి, రుద్ది తయారు చేసింది. క్యాబిన్ మూడుసార్లు చేసింది. మొదటిది ఒక పక్కకు ఒరిగింది. రెండోది కొలత ప్రకారం సరిగ్గానే ఉంది గానీ ఎందుకో రంగన్న బండి మొహంలా లేదు. ఫోటోలు తెచ్చి పక్కన పెట్టుకొని చూస్తే ముందు అద్దం కింద అంచు ఒక వెంట్రుకంత పైకి ఉంది. ఆ వెంట్రుకంత కోసం మొత్తం తీసేసి మళ్లీ చేసింది. తొట్టి పలకలకు చెక్క చారలు సూదితో గీసింది. తాళ్లు కట్టే కొక్కేలకు సన్న రాగి తీగ వంచింది. ముందు పైభాగాన రంగన్న రాయించుకున్న ‘జీవమ్మ’ పేరును, నాలుగు వెంట్రుకలు మాత్రమే మిగిల్చిన బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి రాసింది. ‘జీ’ గుడిదీర్ఘం ఒక్కటే ఆమెకు మూడు పొద్దులు పట్టింది.

ఆరు నెలలకు బండి తయారైంది. పచ్చటి క్యాబిన్, పసుపు తొట్టి, ఎర్ర గీతలు, తళతళలాడుతూ నిలబడింది. నాగసుబ్బయ్య దాన్ని చూసి అద్దాల పెట్టె చేయిద్దామన్నాడు. ఆయన నోట అంత మాట రావడం గొప్పే. ఆమె రంగన్నకు కబురు పంపింది.

రంగన్న కుర్చీలో కూర్చొని బండిని ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్లు పేరు మీద ఆగాయి, అక్షరాల ఎత్తు చేతికి తెలిసినట్టుంది, నవ్వాడు. తర్వాత ఎడమ తలుపు మీదికి పోయాయి. అక్కడే రెండు మూడుసార్లు తిరిగాయి, ఏదో వెతుకుతున్నట్టు.

“శానా బాగుండాది అక్కా,” అన్నాడు. “షోరూము నుంచి తెచ్చిన దినం ఇట్లే ఉండె.”

మెచ్చుకోవడంలో లోపం లేదు. కానీ ఆ వేళ్లు వెతికి దొరక్క వెనక్కి రావడం ఆమె చూసింది. బండిని అతని చేతిలోంచి తీసుకుంటూ, “ఏం తక్కువైంది రంగన్నా దీంట్లో? చెప్పు,” అంది.

అతను మొహమాటపడ్డాడు. జీవమ్మే అందుకుంది. “ఆయన బండి ఇంత నున్నగా యాడుండె శెట్టెమ్మా. దాని ఒంటి నిండా సొట్టలే.”

అప్పుడు రంగన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఫోటోల్లో ఆ సొట్టలన్నీ ఉన్నాయి. చూసీ, అవి బండికి పట్టిన దోషాలనుకొని వదిలేసింది. ఎడమ బంపరు మూల జమ్మలమడుగు దాటాక మేకల మందను తప్పించబోయి చింతచెట్టును తాకినప్పుడు వంగింది. ఒక్క మేక కూడా పోలేదు. తలుపు సొట్ట గండికోట చూడటానికి వచ్చిన బస్సు వెనక్కి జరుగుతూ కొట్టినది. ఆ బస్సు డ్రైవరు దిగి ఏడుపు మొహం పెడితే రంగన్న తనే అతనికి టీ తాగించి పంపాడు. క్యాబిన్ వెనక వైపు లోతైన గుంట సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించాడు.

“బేతంచెర్ల కాడ బండలు ఎత్తతాండారు. నేను సీటు ఎనక బల్ల మీద నిద్రపోతాంటి. ఎందుకో మెలకువ వచ్చి, టీ తాగుదామని దిగితి. పది అడుగులు పోయింటా. బండ జారి క్యాబిన్ వీపుకు తగిలె. నా తలకాయ పెట్టుకుండే జాగాలోనే సొట్ట. బాగు చేయిస్తామని శానా మంది చెప్పిరి. నేనే వద్దంటి. దాన్ని చూసినప్పుడంతా దిగి టీ తాగిన సంగతి గుర్తొస్తాండె.”

ఆ మధ్యాహ్నం ఆమె నోటుబుక్కులో నాలుగు పేజీలు నిండాయి.

తర్వాత చేసిన పని చూసి నాగసుబ్బయ్య బాధపడ్డాడు. ఆరు నెలలు కూర్చొని చేసిన బండి ముందు ఆమె దీపం వెలిగించి, చెంచా వెనక వైపు కాచి పట్టుకుంది.

“ఇంత బాగా చేసి మళ్లీ చెడగొట్టుకుంటావా?” అన్నాడాయన.

“లారీ చేసినా గానీ, రంగన్న బండి చెయ్యలేదండి ఇంకా,” అంది ఆమె.

ముందు వట్టి రేకు ముక్కల మీద నేర్చుకుంది. వేడి తక్కువైతే ప్లాస్టిక్ వంగదు, ఒక్క క్షణం ఎక్కువైతే చెంచా అవతలికి వచ్చేస్తుంది. పద్నాలుగు ముక్కలు పాడయ్యాయి. పదిహేనోది అనుకున్నట్టు వంగింది. ఆ తర్వాత అసలు బండి మీద చెంచా ఆనించినప్పుడు నాగసుబ్బయ్య గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు. బంపరు మూల వంగింది, తలుపు లోపలికి పోయింది, క్యాబిన్ వీపున గుంట పడింది.

కొత్త రంగు మెరుపంతా ఆమె నీళ్లతో రుద్దే సన్న ఉప్పుకాగితంతో చంపేసింది. పొట్లంలో దాచిన పెచ్చు ముందు పెట్టుకొని, వెలిసిన పచ్చను కలపడానికి నాలుగు రోజులు తీసుకుంది. సొట్టల చుట్టూ స్పాంజి ముక్కతో తుప్పు అద్దింది, గుండ్రంగా కాదు, వాన నీళ్లు కారిన వైపుకు దించుతూ. పాలిష్ ఫ్యాక్టరీ నుంచి రాతి పొడి తెప్పించి, పలుచని గుడ్డలో వడకట్టి, తొట్టి మూలల్లో, చక్రాల మీద చల్లి, మెరుపు లేని వార్నీషుతో నిలిపింది. క్యాబిన్ లోపల పైకప్పుకు ఎర్ర రెక్సిన్ రంగు వేసి, గేరు బుడిపెకు తెల్ల చుక్క పెట్టింది. ఈ రంగులేవీ రంగన్నకు కనపడవు కదా, ఎందుకింత అవస్థ అని అంగడికి వచ్చినవాళ్లు అడిగేవాళ్లు. బండికి కనపడతాయి అనేది ఆమె, అంతకు మించి చెప్పేది కాదు.

రెండోసారి రంగన్న వచ్చినప్పుడు అంగట్లో ఐదారుగురు ఉన్నారు. అతను బండిని ఒళ్లోకి తీసుకున్నాడు. వేలు ఎడమ బంపరు మూల మీద ఆగింది.

“జమ్మలమడుగు,” అన్నాడు.

వేలు తలుపు మీదికి పోయింది. “గండికోట.”

క్యాబిన్ వీపు మీది గుంటలో బొటనవేలు పెట్టి, అంచు వెంట ఒక చుట్టు తిప్పాడు. తర్వాత బండిని తిరగేసి అడుగున తడమసాగాడు. వెనక చక్రాల దగ్గర బండి బరువు మోసే కమాను పట్టీల మీద గోరు పెట్టి, ఒక్కొక్కటీ దాటిస్తూ పెదవులతో లెక్కపెట్టాడు. కుడి పక్క తొమ్మిది. ఎడమ పక్క ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాడు.

“అక్కా, ఒక పట్టీ విరిగితే తీసేసి అట్లే నడిపిస్తి. నాకు, మెకానిక్కుకు తప్ప ఎవురికీ తెలీదు. నువ్వు కింద పండుకొని ఇది కూడా చూసినావా?”

“చూసినాను రంగన్నా. నేను తప్పు లెక్కపెట్టినానేమో అనుకొని మూడుసార్లు లెక్కపెట్టినా,” అంది రాజ్యలక్ష్మమ్మ.

నాగసుబ్బయ్య లోపలికి పోయి అందరికీ మజ్జిగ తెచ్చాడు. ఆ తర్వాత ఆయన తన భార్య చేసిన పని గురించి వచ్చినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టి, ఇప్పటికీ ఆపలేదు. పట్టీల సంఖ్య మాత్రం ఒక్కోసారి తప్పు చెబుతాడు.

బండి కోడుమూరు పక్కన రంగన్న ఇంటికి చేరింది. “ఇన్నేండ్లలో ఆ బండి మా వాకిట్లో నిలబడిన దినాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు నట్టింట్లోనే ఉండాది,” అని జీవమ్మ ఫోనులో చెప్పి నవ్వింది. వచ్చినవాళ్లు చూస్తామంటే రంగన్న ఇస్తాడు గానీ, పక్కనే కూర్చుంటాడట.

నెల తిరక్కుండానే బండి పక్క అద్దం ఒకటి ఊడిందని కబురు వచ్చింది. బండిని పంపిస్తే బాగుచేసి ఇస్తానని చెప్పొచ్చు. రాజ్యలక్ష్మమ్మ అలా చెప్పలేదు. బంక సీసా, చిమటా, ఇంత రాగి తీగ సంచిలో వేసుకొని డోన్ మీదుగా రెండు బస్సులు మారి తనే పోయింది. జీవమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. భోజనం అయ్యాక ఆమె కిటికీ దగ్గర కూర్చొని పాత అతుకు గీకేసి, కొత్త తీగ వంచి, అద్దం నిలబెట్టింది. అతుకు గట్టిపడేదాకా దాన్ని వేలితో అలాగే పట్టుకొని ఉండాలి.

“ఎంతసేపు పట్టుకోవాల అక్కా?” అని అడిగాడు రంగన్న.

అర్ధగంట అని చెప్పింది.

“అయితే బళ్లారి దారి చెప్తా, విను,” అని రంగన్న గోడకు ఆనుకొని కూర్చొని, మాటల్లోనే ఊళ్లోంచి బండి బయటికి తీశాడు.